గిలక లోపల పెట్టే వేళ

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. పొద్దున్నే నేనూ నా భార్య వసంతా పర్సుడీహ్‌లో మా అప్ప, అంటే అక్క, ఇంటికి వెళ్ళాం. పానకం అప్ప ఇంట్లోనే తాగాలన్నది మా నాన్న కూర్మారావుగారు పెట్టిన రూలు. గోల్‌మురి కంపెనీ కాలనీ కుళాయి నీళ్ళతో చేసింది పానకమే కాదని ఆయన నమ్మకం. ఆ కుళాయిల్లోకి నదిలోంచి నీళ్ళు ఎక్కించే పంప్‌హౌస్‌లో ఆయన కొడుకే ఉద్యోగం చేసి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాడన్న సంగతి ఆయన ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

అప్ప నూతిలోంచి తోడిన నీళ్ళలో బెల్లం కలిపి, మిరియాలూ యాలకులూ దంచి వేసి, ఇత్తడి గ్లాసులో పోసి ఇచ్చింది. మొదటి గుక్కకే నేను నిక్కరు వేసుకుని ఆ పెరట్లో నిలబడ్డాను. నాకు సెంటిమెంట్లు లేవు. ఆ నీళ్ళలో లవణాలు తక్కువ, అందుకే ఆ రుచి.

మేముండగానే పక్కింటి త్రేసమ్మగారు రెండు బకెట్లతో వచ్చారు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. వాళ్ళ బోరు హోలీకే ఎండిపోయిందట. ఆ గల్లీలో సగం బోర్లదీ అదే కథ. "ట్యాంకరు కోసం కూచుంటే నా ప్రార్థన కూడా అయిపోతోందండీ అన్నయ్యగారూ, ట్యాంకరు మాత్రం రావట్లేదు" అని నవ్వారు.

నీళ్ళు తోడుకోవడం అయ్యాక అప్ప గిలక ఊడదీసి, పాతగుడ్డతో తుడిచి, తలుపు వెనక పెట్టింది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇదే పని. హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్ళో ఇనప వస్తువు ఏదైనా బయట వదిలితే తెల్లారేసరికి తుక్కు దుకాణంలో తేలుతుంది. ఒకసారి అలా పోయింది కూడా. అప్పటినుంచి మా నుయ్యి గిలక ఇంటి మనిషిలా లోపలే పడుకుంటుంది.

అసలు నేను వెళ్ళింది అప్పకి ఒక మాట చెప్పడానికి. చెప్పలేదు.

ఏప్రిల్ 7

రేపు చెప్పాలి.

ఏప్రిల్ 9

రేపు. ఇవాళ ఎండ మరీ ఎక్కువగా ఉంది. ఎండలో చెప్పే మాట కాదు.

ఏప్రిల్ 13, ఆదివారం

మొహల్లా జల సమితి సమావేశం. నీళ్ళ మనిషినని నన్ను సలహాదారుగా పెట్టుకున్నారు. ఇన్నేళ్ళూ నదిలోంచి పైకి తోడాను, ఇప్పుడు నేలలోకి దింపే పని. వయసుకి తగ్గ పనేనని వసంత ఎగతాళి.

పథకం మంచిది. నేనే గీశాను. వాన పడిందంటే పర్సుడీహ్ గల్లీ నీళ్ళన్నీ పల్లానికి పరిగెత్తి, నాలాలో పడి, నదిలో కలిసి పోతాయి. నాలుగు నెలలు మోకాటి లోతు నీళ్ళు, ఆ తర్వాత ట్యాంకరు ముందు ఖాళీ డబ్బాల వరస. ఆ నీళ్ళని పల్లంలోనే పట్టుకుని, కంకర, ఇసుక గుంటల్లో వడగట్టి, ఒక పాత బావిలోకి వదిలితే నేల తాగుతుంది. నేల తాగితే చుట్టుపక్కల బోర్లు బతుకుతాయి. అయితే ఒకసారి ఇంకుడు బావి చేశాక దాని మీద పలక మూసెయ్యాలి. అందులోంచి మళ్ళీ తోడుకోకూడదు, వీధి నీళ్ళు కదా.

గల్లీలో అందరికంటే పల్లం అప్ప పెరడు.

బిష్టుపూర్‌లో పెద్దగా ప్రింట్ తీయించిన మ్యాపు టేబుల్ మీద పరిచారు. సర్వే చేసిన ఇంజనీరు శ్యామ్ మంచి కుర్రవాడు, చురుకైనవాడు. అప్ప నూతి మీద వేలు పెట్టి "సర్, యే కువా తో డెడ్ హై" అన్నాడు. మధ్యాహ్నం వెళ్ళి చూశారట. గిలక లేదు, తాడు లేదు. వాడకంలో లేదని రాసేశారు.

గిలక తలుపు వెనక ఉందని నాకు తెలుసు. నేను "లొకేషన్ మంచిదే" అన్నాను. అది నిజం. నేనన్న ప్రతి మాటా నిజమే.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్. త్రేసమ్మగారు కేకు పంపారు. దానికంటే ముందే అప్ప ఫోన్ వచ్చింది.

"ఏట్రా కిష్టా, నా నుయ్యి చచ్చిపోయిందని రాసీసేరటగా?"

"ఎవరు చెప్పేరు అప్పా?"

"గట్టు మీద నీలం రంగు పూసినోడు చెప్పేడు. నీ పేరు కూడా చెప్పేడు."

స్కూటరేసుకుని వెళ్ళాను. నూతి గట్టు మీద నీలం సున్నా, మధ్యలో గీత. అప్ప దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, అప్పకి పదిహేను. అప్పట్నుంచీ నాకు అన్నం పెట్టింది, తల దువ్వింది, లెక్కలు తప్పితే వీపు విమానం మోత మోగించింది. ఆ మనిషికి నేను పల్లం, వాలు, భూగర్భజలం అంటూ పాఠం మొదలుపెట్టాను.

"నీ పాఠం ఉంచు. నూతిలో నీళ్ళున్నాయా లేవా?"

"ఉన్నాయి."

"మరి చచ్చిపోయిందని ఎలగ రాసేరు? నువ్వెలగ ఊరుకున్నావు?"

నేను నేల చూశాను. అప్ప పీట నావైపు జరుపుకుంది. తర్వాత, నా చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే పలికే మెత్తని గొంతుతో అంది. "గల్లీకి నీళ్ళు కావాలి, నాకు తెలీదేటి? పొద్దున్న లేస్తే ఆ డబ్బాల చప్పుడే. ఇత్తాను. కానీ సాహిత్య కడుపుతో ఉన్నాది. దాని చేద ఈ నూతిలో పడాలి. ఆ తర్వాత మీరేటి చేసుకున్నా అడగను."

మా అమ్మాయికి జూన్ మొదట్లో అని డాక్టరు చెప్పింది. పురుడు అయ్యి, బాలింత చేద వేసే ఇరవై ఒకటో రోజు వచ్చేసరికి జూన్ వెళ్ళిపోతుంది. వానలు జూన్ మధ్యలోనే దిగుతాయి. కుదరదు.

"చూద్దాం" అన్నాను.

ఏప్రిల్ 22

నిద్ర పట్టక కాదు, పగలే రాస్తున్నాను. ఆ నుయ్యి గురించి ఒకసారి రాసి పెట్టుకుంటే తల తేలికవుతుందేమోనని.

టిన్‌ప్లేట్ మిల్లులో నాన్నకి ఆదివారం సెలవు. ఆయనా, శ్రీకాకుళం వైపునుంచే వచ్చిన అప్పన్న, బంగారురాజు కలిసి ఆదివారాల్లో తవ్వారు. కూలీలని పెట్టలేదు. ఈ నేల సంగతి తెలిసిందే, రెండు నిలువులు మట్టి, తర్వాత అంతా రాయి. మిల్లులో వారమంతా రేకులు మోసిన చేతులతో ఉలీ సుత్తీ పట్టుకుని దిగేవాళ్ళు. మేం పిల్లలం తట్టలు లాగేవాళ్ళం. అప్ప అందరికీ చద్దన్నంలో మజ్జిగ పోసేది. నీళ్ళు పడిన రోజు బంగారురాజు బాబాయి లోపలినుంచి వేసిన కేక ఇప్పటికీ చెవిలో ఉంది. అమ్మ అప్పటికి బతికే ఉంది. బురదనీళ్ళు దోసిట్లో పట్టి తాగి "తియ్యగా ఉన్నాయి" అంది. బురద తియ్యగా ఉంటుందా అని నాన్న నవ్వాడు.

తర్వాత అది మా ఒక్కళ్ళ నుయ్యి కాకుండా పోయింది. గోల్‌మురి కంపెనీ క్వార్టర్లలో అన్నీ కుళాయిలే. పురుడు పోసుకున్న పిల్ల ఇరవై ఒకటో నాడు చేద వెయ్యాలంటే ఎక్కడ వేస్తుంది? అందుకని రిక్షాలు కట్టించుకుని పర్సుడీహ్ వచ్చేవాళ్ళు. తలకి గుడ్డ చుట్టుకున్న బాలింత, ఒళ్ళో బిడ్డతో వాళ్ళమ్మ, వెనక సైకిలు మీద పసుపు కుంకుమల సంచీతో మొగుడు. గట్టుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, పువ్వులు జల్లి, బాలింత చేద వదిలేది. గిలక కిర్రుమనేది. నిండిన చేద పైకి వచ్చేసరికి ఆడవాళ్ళందరి మొహాలూ విచ్చుకునేవి. ఆ నీళ్ళు బిందెలో పోసి, చంకనెత్తుకుని ఆమె గుమ్మం దాటితే మళ్ళీ ఇంటి మనిషైనట్టు. మా పిల్లల మూకకి వీటితో పని లేదు, చివర్లో పంచే నానబెట్టిన శనగల కోసం చూసేవాళ్ళం. మా గల్లీ నుంచి గోల్‌మురి దాకా ఏ తెలుగింట్లో ఎవరు పుట్టినా, వాడి పేరుతో నేను శనగలు తిన్నాను.

వసంత కూడా అక్కడే వేసింది. సాహిత్య అప్పుడు అప్ప ఒళ్ళో ఉంది.

అన్నిటికీ పెద్ద అప్పే. పసుపు ఎంత, పువ్వులెక్కడ, బిందె ఎటు తిప్పాలి, అన్నీ గదమాయించి చెప్పేది. చేద వదిలే వేళకి మాత్రం వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడేది. తాడు ముట్టుకునేది కాదు. పెళ్ళైన కొత్తలో వసంత కనిపెట్టి నన్నడిగింది, వదిన ఎందుకలా అని. చెప్పాను. ఆ సంగతి ఇక్కడ రాయను.

మే 4, ఆదివారం

పర్సుడీహ్ వెళ్ళాను. నీటి మట్టం చూడడానికి మాత్రమే.

మట్టం పడిపోతోంది. ఇప్పుడు గల్లీ అంతా మా నూతి మీదే. అప్ప ఎవరినీ కాదనడం లేదు. పొద్దున్న గిలక పెట్టడం, ఎండెక్కేదాకా దాని కిర్రు ఆగకపోవడం.

"అందరికీ ఇలగ వదిలీకు అప్పా. అడుగు కనిపిస్తోంది."

"నూతికి తాళం ఏత్తారేటి ఎవరైనా?" అంది. "తాళం ఏసీది నువ్వే కదా. పలక తెస్తన్నావుగా."

 పాత తాడు పీచుపీచుగా ఉంటే కొత్తది తీద్దామని అటక ఎక్కాను. తాడు వెనక, పాత చీర చుట్టిన మూట. విప్పకుండానే అదేమిటో తెలిసింది. అయినా విప్పాను. ఇత్తడి చేద. ఒక్క సొట్ట లేదు. నల్లబడింది తప్ప నీటి మరక లేదు.

రాస్తాను. రాయననుకున్నాను గానీ, అది చూసి దిగాక రాయకపోతే ఎలా.

అప్ప పురిటికి ఇక్కడికే వచ్చింది. మగపిల్లాడు. నాన్న ఆ సాయంత్రమే బిష్టుపూర్ బజారుకి వెళ్ళి ఈ చేద కొనుక్కొచ్చాడు. అందరూ ఇనప బకెట్టుతో వేస్తారు, నా కూతురు ఇత్తడి చేదతో వేస్తుందని మిల్లంతా చెప్పుకుని తిరిగాడు. పిల్లాడికి పదకొండో రోజు స్నానం చేయించారు. ఇరవై ఒకటో రోజుకి పేరు కూడా అనుకున్నారు. ఆ రోజు రాలేదు. మధ్యలోనే జ్వరం వచ్చి పోయాడు. నాన్న చేదని అమ్మ చీరలో చుట్టి అటక మీద పెట్టాడు. అప్పకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. బావ రైల్వేలో గార్డు, ఆయనా పోయాక ఇక్కడికే వచ్చేసింది.

ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఈ సంగతి మాట్లాడలేదు. చేద అక్కడుందని అందరికీ తెలుసు.

మూట కట్టి యథాస్థానంలో పెట్టాను. కింద అప్ప అడిగింది, తాడు దొరికిందా అని. దొరికిందన్నాను.

మే 11

ట్యాంకరు దగ్గర తన్నుకున్నారట. ఒకాయన తలకి కుట్లు పడ్డాయి. కట్టు కట్టింది త్రేసమ్మగారే.

పథకం సరైనదే. నాకు ఇందులో అనుమానం లేదు.

మే 18, ఆదివారం

సాహిత్య, మా అల్లుడు భార్గవ్ భోజనానికి వచ్చారు. అత్త నూతి గొడవంతా విని సాహిత్య తేలిగ్గా అంది, "పాపా, నల్ కీ పూజా కర్ లేంగే నా. నల్ మే భీ తో పానీ హీ ఆతా హై." కుళాయికే పూజ చేసేద్దాం, అందులోనూ వచ్చేవి నీళ్ళేగా అని. తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం దానికి మొదట్నుంచీ అలవాటే.

కుళాయికి పసుపు రాయడం నేను చూడలేదనా? క్వార్టర్లలో రిక్షా దొరకని వాళ్ళు అదే చేసేవాళ్ళు. ఒక ముసలమ్మ కుళాయికి మొక్కి తిప్పితే సరిగ్గా అప్పుడే సప్లయి బంద్. ఆవిడ నన్ను పిలిపించి, పంప్‌హౌస్‌లో నేనే కట్టేశానని నానా మాటలూ అంది. చెబితే అందరూ నవ్వారు.

వసంత నవ్వలేదు. పిల్లని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. బయటికి వచ్చాక సాహిత్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మళ్ళీ కుళాయి మాట ఎత్తలేదు.

మే 22

ఆడపిల్ల! పది రోజులు ముందే వచ్చేసింది. ఇద్దరూ బాగున్నారు. ముక్కు నాదే, ఎవరేమన్నా సరే.

మే 22, మళ్ళీ

ఇరవై ఒకటో రోజు జూన్ పదకొండు. వేళ్ళ మీద నాలుగుసార్లు లెక్కపెట్టాను.

మే 25, ఆదివారం

సమితి. కంకర గుంటలు తయారు. ఇక గొట్టం నూతిలోకి కలిపి పలక వెయ్యడమే మిగిలింది. ఈ ఏడు వానలు ముందే వస్తాయంటున్నారు, ఒకటో తారీకుకే కలిపేద్దామని శ్యామ్. నేను లేచి "పదకొండు దాకా ఆగుదాం" అన్నాను. ఎందుకని అడిగారు. సాంకేతిక కారణం ఏదైనా చెబుదామని నోరు తెరిచాను, ఒక్కటీ దొరకలేదు.

అప్పుడు అప్ప వచ్చింది. త్రేసమ్మగారి చెయ్యి పట్టుకుని, రెండో చేతిలో బరువైన గుడ్డసంచీతో. నేరుగా టేబుల్ దగ్గరికొచ్చి, సంచీలోంచి గిలక తీసి నా మ్యాపు మీద పెట్టింది. టేబుల్ అదిరింది. మ్యాపు మీద నూనె మరక పడింది.

అప్ప హిందీ ఈ బజార్లో నేర్చుకున్న హిందీ, వ్యాకరణం ఉండదు గానీ ఎవరికీ అర్థం కాకపోవడం ఉండదు. ఆ మాటల సారం ఇది: ఇదిగో మా నూతి గిలక. రోజూ లోపల పెడతాను, ఎందుకంటే మీ ఊళ్ళో బయట పెడితే తుక్కులో అమ్ముతారు. మధ్యాహ్నం వచ్చి చూసి, గిలక లేదని నుయ్యి చచ్చిందన్నారు. మధ్యాహ్నం నేనూ పడుకునుంటాను, నేనూ చచ్చిపోయానని రాసేత్తారా?

గదంతా గొల్లుమంది. శ్యామ్ ఎర్రబడి, లేచి నిలబడి "సారీ మాతాజీ" అన్నాడు. నేనూ లేచాను. ఆ నుయ్యి వాడకంలో ఉన్న సంగతి నాకు మొదటినుంచీ తెలుసని, చెప్పవలసింది చెప్పలేదని అన్నాను.  అప్ప నావైపు చూడలేదు.

తలకి కట్టుతో కూర్చున్నాయన అడిగాడు, గొంతు గట్టిగా లేదు. "దీదీ, ఒక్క పెద్ద వాన పోతే పోయినట్టే కదా. మళ్ళీ వచ్చే ఎండాకాలం మా పిల్లలు ఏం తాగాలి?"

అప్ప ఆయన కట్టుకేసి చూసింది. పదకొండో తారీకు పొద్దున్న దాకా ఆగండి, ముందే వాన దిగితే నన్నడక్కండి, కలిపేసుకోండి అంది. అందరూ సరేనన్నారు. గిలక మళ్ళీ సంచీలో వేసుకుంది. ఆటోలో నా పక్కన కూర్చుని ఇల్లు చేరేదాకా దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది.

జూన్ 3

మబ్బు. చినుకు పడలేదు. దేవుడికి దణ్ణం పెట్టాను. నీళ్ళ మనిషిని, వాన రావద్దని.

జూన్ 8, ఆదివారం

నూతిలో చేద దింపితే బురద వచ్చింది. మొదటిసారి. అప్ప ఆ బురద వేళ్ళతో తడిమి చూసింది. "వేసినా పైకేటి వత్తాది రా? ఒట్టి బకెట్టు లాగిత్తామా పచ్చి బాలింత చేత?" అంది.

ఊట లేకపోలేదు, ఊరడానికి వ్యవధి ఉండడం లేదని చెప్పాను. తోడడం రెండు రోజులు ఆపితే కొంచెం చేరుతుంది. కానీ గల్లీకి ఎలా చెబుతాం?

చెప్పనక్కర్లేకపోయింది. త్రేసమ్మగారు గోడ అవతలినుంచి అన్నీ విన్నారు.

జూన్ 9

పొద్దున్న అప్ప గిలక పెట్టిందట. ఎవరూ రాలేదట. త్రేసమ్మగారు నిన్న ఇల్లిల్లూ తిరిగారట. తలకి కుట్లు పడ్డాయన తన ఇంటిముందు నిలబడి, బకెట్టుతో వచ్చే ప్రతివాళ్ళనీ ట్యాంకరు వైపు పంపిస్తున్నాడట. ఫోన్లో అప్ప ఇదంతా ఒకటికి రెండుసార్లు చెప్పింది. 

జూన్ 10

శ్యామ్ ఫోన్. రేపు మధ్యాహ్నం తర్వాత గట్టి వాన అట. "అంకుల్, సుబహ్ జల్దీ కర్ లీజియే," పొద్దున్నే త్వరగా కానిచ్చేయమని. గొట్టం మనుషుల్ని తీసుకుని పదింటికి వస్తానన్నాడు. పాపం, వాడు కూడా ఏదో తన ఇంటి శుభకార్యంలా హడావిడి పడుతున్నాడు.

జూన్ 11, బుధవారం

జరిగింది జరిగినట్టు రాయాలని ఉంది.

పొద్దున్నే వెళ్ళాం. రిక్షా దొరకదు కదా, భార్గవ్ కారు. పసుపు కుంకుమల సంచీ నా దగ్గర. అప్ప అప్పటికే గట్టు కడిగి ఉంచింది, నీలం సున్నా మీదే పసుపు పూసింది. శనగలు నానబెట్టింది. గిలకకి కొత్త తాడు. తాడు కొసన ఇత్తడి చేద, చింతపండుతో తోమి తళతళలాడుతోంది.  వసంత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంట్లో ఉంచుకుని ఏటి చేత్తాను. సాహిత్యకని తీసేను" అంది అప్ప, నేనేమీ అడక్కుండానే.

గోడ పక్కన త్రేసమ్మగారు, ఇంకా గల్లీ ఆడవాళ్ళు. అప్ప ఎప్పటిలాగే గదమాయించింది. బొట్లు అటు పెట్టండి, పువ్వులు ఇటు. అంతా అయ్యాక ఎప్పటిలాగే వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడింది.

సాహిత్య తాడు పట్టుకుంది. వదల్లేదు. వెనక్కి తిరిగి, "బువా, ముఝ్‌సే నహీ హోగా. టాంకే ఖించ్ రహే హై" అంది, నావల్ల కాదు, కుట్లు లాగుతున్నాయని. తర్వాత తెలుగులో, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, "అత్తా, నువ్వు వెయ్యి."

"నేనెయ్యకూడదమ్మా. బాలింత ఎయ్యాలి. మీ అమ్మ సాయం పడతాది."

"నేను వెయ్యను" అంది వసంత.

"ఏటే ఈ పిల్ల చోద్యం, మీరిద్దరూ కూడబలుక్కున్నారేటి? నేను బాలింతనేటి?"

వసంత గుమ్మం దగ్గరికి వెళ్ళింది. మామూలుగా, ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. "బాలింతవే కదా వదినా. నీకు ఇరవై ఒకటో రోజు ఇంకా రాలేదు, అంతే."

 అప్ప మొహం నేను చూడలేకపోయాను, నూతిలోకి చూస్తూ నిలబడ్డాను. అడుగున కొంచెం వెలుతురు కదులుతోంది. అప్ప వచ్చిన అడుగుల చప్పుడు వినపడింది. సాహిత్య తాడు ఆమె చేతిలో పెట్టింది. గిలక కిర్రుమంది. చేద కిందికి వెళ్ళి, వెళ్ళి, నీటికి తగిలింది. నీటికే. అప్ప లాగింది. నేను సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేసింది.

నిండలేదు, సగం పైన ఉంటాయి. గట్టు మీద పెట్టి, దాని పక్కనే కూలబడి, అప్ప ఏడ్చింది. నేను పుట్టాక ఆమె అలా ఏడవడం వినలేదు. పిల్లాడి పేరు చెప్పి ఏడ్చింది, ఇరవై ఒకటో నాడు పెట్టాలనుకున్న పేరు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలకని ఆ పేరు గల్లీ అంతా వింది. సాహిత్య పక్కనే కూర్చుని, పాపని ఆమె ఒళ్ళో పెట్టింది.

తర్వాత అప్ప కళ్ళు తుడుచుకుని లేచి, చేద నీళ్ళు బిందెలో పోసి, చంకనెత్తుకుని గుమ్మం దాటింది.

శనగలు అందరికీ పంచాను. నేనూ తిన్నాను. పదింటికి వచ్చిన శ్యామ్‌కి దోసిలి నిండా పెట్టాను. వాన రాలేదు, వాతావరణం వాళ్ళ మాట ఎప్పుడు నిజమైంది కనక. గొట్టం కలిపారు. గిలక విప్పి అప్పకి ఇచ్చాను. సాయంత్రానికి పలక వేశారు.

జూన్ 17, మంగళవారం

వాన అంటే ఇదీ వాన. గొడుగు పట్టుకుని పర్సుడీహ్ వెళ్ళాను. ఈసారి మట్టం చూడడానికని అబద్ధం రాయను, పలక వేశాక మట్టం ఎలా కనపడుతుంది.

గల్లీ నీళ్ళన్నీ పరిగెత్తుకుంటూ వచ్చి కంకర గుంటలో దూకుతున్నాయి. పలక కింద నూతిలో పడుతున్న చప్పుడు పెరడంతా వినిపిస్తోంది. అప్పా నేనూ చూరు కింద పీటలేసుకుని కూర్చున్నాం.

"బాబాయి కేక గుర్తుందేటి, నీళ్ళు పడిన రోజు?" అంది.

"ఉంది."

"అమ్మ బురద తాగీసింది కదరా, తియ్యగుందని."

ఇద్దరం చాలాసేపు నవ్వాం.

జూలై 6, ఆదివారం

అప్ప ఫోన్. త్రేసమ్మగారి బోరులో నీళ్ళొచ్చాయట, మొదట ఎర్రగా, తర్వాత తేటగా. చెంబుతో తెచ్చి అప్పకి తాగడానికి ఇచ్చారట. ఎలా ఉన్నాయంటే, మన నూతి నీళ్ళలాగే ఉన్నాయిరా అంది.

ఇంకో మాట, పెట్టేసే ముందు నవ్వుతూ చెప్పింది. నిన్న చీకటి పడుతుంటే గిలక లోపల పెట్టాలని గబగబా పెరట్లోకి వెళ్ళిందట. పలక దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చిందట. తిరిగొచ్చి, తలుపు వెనకున్న గిలకని తీసి, ఓసారి గుడ్డతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టిందట.